పాత బీరువాయే కొలిమి... పాత బండ్లకు కొత్త పూత

బందరు: ఉప్పుగాలికి ఇనుము నిలవదన్న సంగతి ఈ తీరంలో పుట్టినవాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు. కొత్త మోటారు సైకిలు కొని రెండు వానాకాలాలు గడిస్తే చాలు, స్టాండు దగ్గర మొదలైన తుప్పు మడ్‌గార్డు కిందికి పాకుతుంది. రొయ్యల చెరువు గట్ల మీద తిరిగే బండి అయితే అంత కాలం కూడా ఆగదు. గీకించి రంగు వేయిస్తే ఒక ఏడాది. మళ్ళీ వేయిస్తే ఆరు నెలలు. ఆ తర్వాత బండి పాత ఇనుప సామాను కొట్టుకు.

ఈ బాధ పడలేక మన వైపు నలుగురైదుగురు కలిసి ఒక కొత్త పని పట్టారు. పట్నంలో కిటికీ చట్రాలకు, ఆస్పత్రి మంచాలకు, ఫ్యాన్లకు వేసే ‘పౌడరు కోటింగు’ను తమ పాత బండ్ల సామానుకు తామే వేసుకుంటున్నారు. వ్యాపారం కాదు. ఒకరి దగ్గర తండ్రి వాడిన బుల్లెట్టు ఉంది. ఇంకొకరి దగ్గర యెజ్డీ ఉంది. ఒక రైతు దగ్గర మహీంద్రా జీపు ఉంది. ఆదివారాలు ఒకచోట చేరి చక్రాలు, స్టాండ్లు, ఫుట్‌రెస్టులు, బ్యాటరీ పెట్టెలు ఒక్కొక్కటే విప్పి పూత వేసి బిగించుకుంటున్నారు. ఊళ్ళో వాళ్ళు మొదట్లో నవ్వారట. ఇప్పుడు ఆ షెడ్డు ముందు ఆగి చూడకుండా పోయేవాళ్ళు తక్కువ.

వీళ్ళకు పెద్ద దిక్కు ఒక మోటార్ల మెకానిక్కు. చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరేటర్ల మోటార్లు కాలిపోతే చుట్టి ఇవ్వడం ఆయన జీవనం. పేరు వేయవద్దన్నారు. ‘‘పేరు వేస్తే పొద్దున్నే పది మంది పది చక్రాలు పట్టుకుని వస్తారండీ, మోటార్ల పని ఎవరు చేస్తారు?’’ అని ఆయన అభ్యంతరం. ఏరేటరు ఇనుప చట్రాలు ఉప్పునీటిలో ఆరు నెలలకే పొలుసులు లేచిపోవడం చూసి, పూత గురించి ఆలోచించడం మొదలు పెట్టానని చెప్పారు. అక్కడి నుంచి మనసు బండ్ల మీదికి మళ్ళింది.

తడి లేని రంగు

మామూలు రంగులో మూడు సంగతులుంటాయి. రంగు పొడి, దాన్ని పట్టి ఉంచే జిగురు, ఆ రెంటినీ పల్చన చేసే థిన్నరు. వేశాక థిన్నరు గాలిలో కలిసిపోతుంది. మిగిలింది పూత. పౌడరు కోటింగులో థిన్నరు ఉండదు. జిగురు, రంగు, గట్టిపడేందుకు కావలసిన మందు అన్నీ కలిపి కరిగించి, చల్లార్చి, మెత్తగా దంచిన పొడి అది. ముట్టుకుంటే ముఖానికి రాసుకునే పౌడరులాగే ఉంటుంది. ఒక్కో రేణువు సుమారు 30 నుంచి 50 మైక్రాన్లు. మిల్లీమీటరును వెయ్యి ముక్కలు చేస్తే ఒక ముక్క మైక్రాను.

మరి తడి లేని పొడి ఇనుము మీద ఎలా నిలుస్తుంది? పొడి తలను దువ్విన దువ్వెన కాగితం ముక్కలను లాగడం బడిలో అందరం చూసిందే. సూత్రం అదే. పొడిని చల్లే గన్ను మూతి దగ్గర వేల వోల్టుల విద్యుత్తు ఉంటుంది. పెద్ద కార్ఖానాల గన్నులు లక్ష వోల్టుల దాకా పోతాయి. కరెంటు మాత్రం అతి స్వల్పం. గన్నులోంచి వచ్చే రేణువులకు ఆ విద్యుత్తు అంటుకుంటుంది. వస్తువును తీగతో వేలాడదీసి, ఆ తీగను భూమికి ఎర్తు చేస్తారు. విద్యుత్తు ఎక్కిన పొడి ఎర్తు అయిన ఇనుమును వెతుక్కుంటూ పోయి అతుక్కుంటుంది. వస్తువు వెనకవైపుకు కూడా కొంత చుట్టుకుని పోతుంది. చూడముచ్చటైన దృశ్యం అది.

అయితే ఆ దశలో వేలితో రాస్తే పొడి మొత్తం రాలిపోతుంది. ఊదినా పోతుంది. దాన్ని కొలిమిలో పెట్టి కాల్చాలి. మామూలుగా వాడే రకాలకు సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వేడిలో 10 నిమిషాలు కావాలి. పొడి మొదట కరిగి తేనెలా పరుచుకుంటుంది. ఆ తర్వాత లోపల రసాయనిక చర్య జరిగి గట్టి పడుతుంది. బెల్లాన్ని కరిగించి చల్లార్చి మళ్ళీ కరిగించవచ్చు. ఉడికిన కోడిగుడ్డు మళ్ళీ పచ్చిది కాదు. ఇది గుడ్డు జాతి. ఒకసారి కాలిన పూత మళ్ళీ వేడి తగిలినా కరగదు, పెట్రోలు చుక్క పడ్డా చెక్కు చెదరదు.

ఈ విద్యకు పుట్టిల్లు జర్మనీ. ఎర్విన్ గెమ్మర్ అనే శాస్త్రవేత్త 1950 దశకం మొదట్లో, గాలి ఊది తేలేలా చేసిన పొడిలో వేడి ఇనుమును ముంచి తీసే పద్ధతి కనిపెట్టాడు. విద్యుత్తుతో చల్లే గన్ను 1960 దశకంలో ఫ్రాన్సులో వచ్చింది. కార్ఖానాలకే పరిమితమైన ఈ పనిని ఇళ్ళకు తెచ్చింది అమెరికా వాళ్ళు. పాత కార్లు బాగు చేసుకునే సరదా అక్కడ బాగా ఎక్కువ. పెన్సిల్వేనియాలో 1978లో మొదలైన ఈస్ట్‌వుడ్ కంపెనీ అలాంటి వారి కోసం చిన్న గన్ను తయారు చేసి అమ్మింది. వంటింట్లో పక్కన పెట్టిన కరెంటు ఓవెన్ను కారు షెడ్డులోకి తెచ్చుకుని, అందులో వాల్వు మూతలు, బ్రాకెట్లు కాల్చుకోవడం వాళ్ళకు మామూలు. ఆ ఓవెన్లో మళ్ళీ ఎప్పుడూ తిండి వండకూడదన్న నియమం మాత్రం తప్పరు. మన వాళ్ళు కూడా గుర్తుంచుకోవలసిన నియమం.

బీరువా కథ

మన ఇళ్ళలో చక్రం పట్టేంత ఓవెన్లు లేవు. మెకానిక్కు గారు పాత సామాను కొట్టులో ఒక ఇనుప బీరువా కొన్నారు. తాళం లేదు, అద్దం పగిలింది. లోపలి అరలు పీకేసి, గోడలకు గ్లాస్‌వూల్ దట్టించి, దాని మీద మళ్ళీ రేకు కొట్టారు. అడుగున ఒకటిన్నర కిలోవాట్ల హీటర్ కడ్డీలు రెండు. వేడి పైకి పోయి కింద చల్లగా ఉండకుండా లోపలి గాలి తిప్పడానికి చిన్న ఫ్యాను, దాని మోటారు మాత్రం బయట. 200 డిగ్రీలు రాగానే కరెంటు తెగిపోయే కంట్రోలరు ఒకటి. బీరువా ఒంటికి ఎర్తు తీగ వేరే.

‘‘అన్నిటికన్నా ముందు ఎర్తు గొయ్యి తవ్వానండీ. బొగ్గు, ఉప్పు వేసి, నీళ్ళు పోసి, అది సరిగా పని చేస్తోందని చూశాకే బీరువా జోలికి వెళ్ళాను’’ అన్నారు ఆయన. మూడు కిలోవాట్లు గంట సేపు పూర్తిగా లాగితే మూడు యూనిట్లు. ఒక చక్రం కాల్చడానికి బీరువా వేడెక్కడంతో కలిపి గంట పైన పడుతుంది. ఒకటి కాల్చినా మూడు కాల్చినా దాదాపు అదే ఖర్చు కనుక, సరుకు కూడాకనే స్విచ్చి వేస్తారు. ఆ రెండు కడ్డీలను ఒకే ప్లగ్గుకు తగిలించక, విడివిడి తీగల మీద నడుపుతున్నారు. ఇంటి వైరింగు కాలిపోయే పని ఎవరూ చేయవద్దని ఆయన గట్టిగా చెప్పమన్నారు. గ్యాసు పొయ్యి మీద రేకు డబ్బా బోర్లించి కాలుద్దామనే ఉపాయం కూడా కొందరికి వస్తుంది. పొడి గాలిలో లేచి ఉన్నచోట మంట పెట్టడం కోరి ప్రమాదం తెచ్చుకోవడమే. పిండిమరల్లో పిండి దుమ్ము అంటుకున్నట్టే ఈ పొడి దుమ్ము కూడా భగ్గుమంటుంది.

గాలి కోసం టైరు పంక్చరు షాపు నుంచి పాత కంప్రెసరు తెచ్చారు. మొదటి రోజుల్లో పూత మీద చేపపొలుసుల్లాగా గుంటలు పడేవి. కారణం కనిపెట్టడానికి నెల పట్టిందట. కంప్రెసరు గాలిలో నీటి తుంపర, ఆయిలు ఉన్నాయి. టైరుకు అవి ఉన్నా ఫరవా లేదు, పూతకు పనికిరావు. మధ్యలో నీళ్ళు పట్టే గిన్నె, ఫిల్టరు పెట్టాక గుంటలు పోయాయి. ఒత్తిడి కూడా పెద్దగా అక్కరలేదు. చిన్న గన్నుకు 5 నుంచి 10 పౌండ్లు చాలు. టైరుకు పట్టే గాలిలో మూడో వంతు కూడా కాదు.

డిగ్రీల కొలత దగ్గర కూడా ఒక తిరకాసు ఉంది. కరోనా రోజుల్లో నుదుటికి చూపించిన తుపాకీ యంత్రం ఇంట్లో ఉంది కదా, దానితో కొలుద్దామని ఒక కుర్రవాడు తెచ్చాడు. అది మనిషి జ్వరం చూడడానికి చేసింది, 200 డిగ్రీలు దానికి తెలియదు. కార్ఖానాల వాళ్ళు వాడే రకం వేరు. అది కూడా మెరిసే అల్యూమినియం మీద తప్పు చూపిస్తుంది. పూత పడ్డ చోట చూడాలి. ఇంకో మాట. పది నిమిషాలు లెక్కించవలసింది బీరువాలో గాలి 200 డిగ్రీలు అయినప్పటి నుంచి కాదు, ఇనుము 200 డిగ్రీలు అయినప్పటి నుంచి. సన్నటి రేకు మడ్‌గార్డు చప్పున వేడెక్కుతుంది. జీపు చక్రం అరగంట తీసుకున్నా ఆశ్చర్యం లేదు. ఈ తేడా తెలియక తీసేస్తే పైకి నిగనిగలాడుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది. పరీక్షకు ఒక ఉపాయం ఉంది. చల్లారాక దూదిని గోళ్ళ రంగు తుడిచే అసిటోనులో ముంచి కనపడని మూల రుద్ది చూడాలి. దూదికి రంగు బాగా ఎక్కి పూత మెత్తబడితే ఉడకలేదన్న మాట. మళ్ళీ పెట్టాలి.

సగం పైన పని రంగుకు ముందే

చూడవచ్చిన వాళ్ళంతా గన్ను వైపే చూస్తారు. నిజానికి పూత నిలిచేదీ ఊడేదీ గన్ను పట్టకముందే తేలిపోతుంది. పట్నంలో పెద్ద షాపుల్లో ఏడు తొట్లు వరుసగా ఉంటాయి. జిడ్డు తీసేది, కడిగేది, తుప్పు తీసే యాసిడ్డు, మళ్ళీ కడిగేది, ఫాస్ఫేటు పట్టించేది, ఇంకోసారి కడిగేది, చివరిది పాసివేషన్ తొట్టి. ఫాస్ఫేటు ఇనుము మీద సన్నటి బూడిద రంగు పొర కడుతుంది. పూత దానికి పట్టుకుంటుంది, తుప్పు దాన్ని దాటి రావడం కష్టం.

మన వాళ్ళకు ఏడు తొట్లు లేవు, మూడు ప్లాస్టిక్కు డ్రమ్ములున్నాయి. జిడ్డుకు వేడినీళ్ళు, సబ్బు పొడి. కిరోసినుతో కడగడం మన మెకానిక్కులకు అలవాటు కానీ కిరోసిను తన జిడ్డు తాను వదిలిపోతుంది. దాని తర్వాత సబ్బు నీళ్ళు తప్పనిసరి. తుప్పు వదిలించడానికి కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పు వాడుతున్నారు. లీటరు నీళ్ళకు 50 గ్రాముల చొప్పున కలిపి రాత్రంతా నానబెడితే పొద్దునకు తుప్పు నల్లటి బురదలా దిగిపోతుంది. బ్రష్షుతో తోమి, వంట సోడా నీళ్ళలో ముంచి, మంచి నీళ్ళతో కడిగి, ఆలస్యం చేయకుండా బీరువాలో పెట్టి ఆరబెట్టాలి. బయట ఆరబెడితే మన తేమ గాలికి గంటలోనే ఎర్రటి తుప్పు మళ్ళీ తిరుగుతుంది. తర్వాత ఫాస్ఫేటు ద్రవం. చివరి కడుగుడు దాటాక ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు. చేతి చెమటలో కూడా ఉప్పే ఉంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన హెచ్చరిక. తుప్పు తీయడానికి ఇసుకను గాలితో కొట్టే సాండ్ బ్లాస్టింగు పద్ధతి ఉంది. పని బ్రహ్మాండంగా అవుతుంది. కానీ మామూలు ఇసుకను అలా కొడితే పగిలి కంటికి కనపడని సిలికా దుమ్ము లేస్తుంది. అది ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది. దానికి నయం చేసే మందు లేదు. దేశంలో ప్రభుత్వానికి తప్పక తెలియజేయవలసిన జబ్బుల జాబితాలో అది ఉంది. బ్రిటన్‌లో ఇలాంటి పనికి ఇసుక వాడడాన్ని 1950 నాటికే నిషేధించారు. మన దగ్గర మాత్రం ముఖానికి తువ్వాలు చుట్టుకుని కృష్ణ ఇసుకతో కొట్టే కుర్రాళ్ళు ఇంకా కనిపిస్తూనే ఉన్నారు. తువ్వాలు ఆ దుమ్మును ఆపదు. గార్నెట్ అనే ఎర్రటి ఖనిజపు ఇసుక ఇందుకు మేలైనది. అది శ్రీకాకుళం తీరంలోని సముద్రపు ఇసుకలోనే ఉంది. అల్యూమినియం ఆక్సైడు గింజలు కూడా వాడతారు. ఏది వాడినా గాజు కిటికీ ఉన్న మూసిన పెట్టెలో చేతులు మాత్రం దూర్చి కొట్టాలి. మన వాళ్ళు ఆ పెట్టె లేదు కనుక బ్లాస్టింగు జోలికే పోలేదు. పెద్ద సామాను అయితే విజయవాడ ఆటోనగర్‌కు తీసుకుపోయి కొట్టించి తెచ్చుకుంటున్నారు. డెబ్బై కిలోమీటర్ల దారి. తెచ్చే లోపల తుప్పు తిరగకుండా పాత దుప్పటిలో చుట్టి, అదే రోజు పూత వేస్తారు.

నంబరు మాయమైన బండి

ఒక రిటైర్డు మాస్టారి యెజ్డీ సంగతి ఈ పని తలపెట్టిన ప్రతివారూ వినాలి. మైసూరులో ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1961 నుంచి 1996 దాకా నడిచింది. అక్కడ తయారైన బండ్లంటే ప్రాణం పెట్టేవాళ్ళు నేటికీ ఉన్నారు. మాస్టారు ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్న బండి అది. అల్లుడి పేరు మీద రాసి ఇద్దామని, ముందు అందంగా చేయించాలని పట్నంలో ఒక షాపుకు ఫ్రేము పంపారు. నల్లగా నిగనిగలాడుతూ తిరిగి వచ్చింది. పేరు మార్పిడికి వెళ్ళినప్పుడు ఫ్రేము మీద ఛాసిస్ నంబరు చూపించమన్నారు. నంబరు లేదు! దళసరి పూత కింద అక్షరాలు పూడిపోయాయి. నంబరు కనపడకపోతే అది ఎవరి బండో ఎవరికి తెలుసు? కాగితాలన్నీ ఉన్నా పని ఆగిపోయింది.

‘‘నలభై ఏళ్ళు నా చేతి కింద ఉన్న బండికి నేనే దొంగనయ్యానోయ్’’ అంటూ మాస్టారు మెకానిక్కు దగ్గరకు వచ్చారు. అదృష్టం బాగుండి కొట్టినప్పుడు అక్షరాలు అరిగిపోలేదు. మెకానిక్కు ఆ నాలుగు అంగుళాల మేర పెయింటు రిమూవరు పూసి, గుడ్డతో ఒత్తి, వెదురు పుల్లతో గీకి రెండు రోజుల పాటు కష్టపడితే ఒక్కొక్క అంకె బయట పడింది. ‘‘మాస్టారూ, ఇనుప ఉలి పెడితే నా చేతులతో నేనే నంబరు చెరిపినట్టవుతుంది. అందుకే వెదురు’’ అన్నారు ఆయన. ఆ తర్వాత పేరు మార్పిడి జరిగింది. అప్పటి నుంచి వీళ్ళ షెడ్డులో ఏ ఫ్రేము వచ్చినా మొదట నంబరు మీద వేడికి ఆగే పచ్చటి టేపు అతికిస్తారు, ఆ తర్వాతే మిగతా పని. ఆ కాస్త మేర పల్చని స్ప్రే రంగుతో సరిపెడతారు.

కాగితాల మాట వచ్చింది కనుక ఇంకో రెండు ముక్కలు. స్టాండు, చక్రాలు, బ్రాకెట్లకు ఏ రంగు వేసుకున్నా అడిగేవాళ్ళు లేరు. బండి అసలు రంగు మారితే మాత్రం రిజిస్ట్రేషన్ పత్రంలో ఆ మార్పు రాయించుకోవాలి. 15 ఏళ్ళు దాటిన సొంత బండికి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ, తర్వాత ఐదేళ్ళకోసారి తప్పవు. 50 ఏళ్ళు దాటి, అసలు రూపు మారకుండా ఉన్న బండ్లకు 2021 జులైలో కేంద్రం వేరే నియమాలు తెచ్చింది. వాటి నంబరులో ‘వీఏ’ అనే అక్షరాలుంటాయి. అయితే ఆ రకంగా నమోదైన బండిని రోజూ సంతకూ పొలానికీ తిప్పుకోవడానికి లేదు. మన వాళ్ళలో ఎవరూ దాని జోలికి వెళ్ళలేదు. వాళ్ళకు బండి తిరగాలి.

ఏది వేయవచ్చు, ఏది వేయరాదు

200 డిగ్రీల వేడి తట్టుకోలేనిది ఏదీ బీరువాలోకి పోకూడదు. రబ్బరు బుష్షులు, ఆయిలు సీళ్ళు, బేరింగులు ముందుగా ఊడదీయాలి. గ్రీజు ఒక్క చుక్క మిగిలినా వేడికి కరిగి కారి పూత చెడగొడుతుంది. పుట్టీ పట్టించిన మడ్‌గార్డు అయితే పుట్టీ ఉబ్బి ఊడిపోతుంది. సొట్ట ఉంటే సుత్తితో తీయించుకోవాలే తప్ప పుట్టీతో పూడ్చి తేవద్దు. షాక్ అబ్జార్బర్లను నూనె, గ్యాసు లోపల ఉండగా కాల్చడం బాంబును కాల్చడంతో సమానం. సైలెన్సరుకు ఈ రకం పూత నిలవదు. దాని వేడికి ఇది మాడిపోతుంది, వేరే రకాలు ఉన్నాయి.

పెట్రోలు ట్యాంకు విషయంలో ఈ బృందం కచ్చితం. ఎవరు ఎంత బతిమాలినా ట్యాంకు బీరువాలో పెట్టరు. ఖాళీ చేసి వారం దాటినా మూలల్లో పెట్రోలు ఆవిరి మిగిలి ఉంటుంది. ట్యాంకుకు వెల్డింగు పెట్టబోయి ప్రాణాల మీదికి తెచ్చుకున్న వాళ్ళ కబుర్లు మనం వింటూనే ఉన్నాం. ఇది అంతకు తక్కువ కాదు. ట్యాంకులకు మామూలు రంగే వేయిస్తున్నారు.

చక్రాల దగ్గర ఇంకో మెళకువ ఉంది. జీపు చక్రానికి నట్లు కూర్చునే గుంటలు, చక్రం హబ్బుకు ఆనే ముఖం, ఈ రెండు చోట్లా పూత పడకుండా టేపు వేయాలి. పూత ఉంటే నట్టు బిగువుకు అది నలిగి, తర్వాత నట్టు వదులవుతుంది. దారిలో చక్రం ఊడినా ఊడవచ్చు. జీపు రైతు ఈ మాట మొదట నమ్మలేదు. ‘‘అందం చెడుతుంది బాబాయ్, నిండా వేసెయ్యి’’ అన్నారట. మెకానిక్కు వినలేదు. బిగించాక వంద కిలోమీటర్ల లోపు మళ్ళీ ఒకసారి నట్లు చూసుకోమని కూడా చెప్పి పంపారు. అల్యూమినియం చక్రాలకు మితిమీరిన వేడి వల్ల బలం తగ్గే ప్రమాదం ఉంది. వాటిని ఎక్కువ సేపు, పదే పదే కాల్చకూడదు. పోత అల్యూమినియం సామానులో సన్నటి రంధ్రాల్లో గాలి, నూనె దాగి ఉండి కాల్చేటప్పుడు బుడగలు లేస్తాయి. ముందొకసారి ఉత్తినే కాల్చి, ఆ నూనె బయటికి రానిచ్చి, తుడిచి, అప్పుడు పూత వేస్తే కొంతవరకు తప్పుతుంది.

ఇంకా ముఖ్యం పగుళ్ళు. పాత ఫ్రేముకు వెల్డింగు అతుకుల దగ్గర వెంట్రుక మందాన పగులు ఉండవచ్చు. రంగు తీసిన ఒట్టి ఇనుము మీదే అది కనిపిస్తుంది. ఈ పూత మందం 60 నుంచి 80 మైక్రాన్లు, చక్కగా సాగి పగులును కప్పేస్తుంది. కప్పిన పగులు నడిరోడ్డు మీద తెరుచుకుంటుంది. అందుకే వీళ్ళు పూతకు ముందు ఫ్రేమును ఎండలో పెట్టి, భూతద్దంతో అతుకు అతుకునా చూస్తారు. ఈ పనికి ఆర్టీసీ డిపోలో చేసి రిటైరైన ఒక పెద్దాయన వస్తారు. ఆయన సరే అన్నాకే గన్ను చేతికి తీసుకుంటారు.

లోపాలూ ఉన్నాయి

పౌడరు కోటింగు అంటే ఇక తుప్పే రాదన్న ప్రచారం కొన్ని షాపుల వాళ్ళు చేస్తున్నారు. అది నిజం కాదు. రాయి తగిలి ఒకచోట పెచ్చు లేస్తే, ఆ సందులోంచి ఉప్పునీరు పూత కిందికి పాకుతుంది. పైకి నిగనిగలాడుతూనే కింద ఇనుము పోతుంది. ఒకరోజు అరచేయంత పొర ఒక్కసారిగా ఊడి వస్తుంది. మామూలు రంగు అయితే కాస్త బ్రష్షుతో పూసి సరిపెట్టవచ్చు. దీనికి అతుకు కుదరదు, మొత్తం తీసి మళ్ళీ వేయాల్సిందే. అందువల్ల రాళ్ళ దెబ్బ బాగా తగిలే చోట్ల రెండు పొరలు వేయడం మంచిదని, రంగు పొర కింద ఎపాక్సీ పొర ఒకటి ఉంటే తుప్పు బాగా ఆగుతుందని అనుభవం మీద చెబుతున్నారు. ఎపాక్సీ ఒక్కటే పైన వేస్తే ఎండకు సున్నం కొట్టినట్టు తెల్లబారిపోతుంది. ఎండలో తిరిగే బండికి పైన పాలియెస్టరు రకం ఉండాలి. కొట్లో అడిగి కొనాలి, రెండూ చూపుకు ఒకేలా ఉంటాయి.

మూలల్లో, లోతైన గుంటల్లో పొడి దూరదు. విద్యుత్తు అంచులకే పొడిని లాక్కుపోతుంది. గన్ను వోల్టేజి తగ్గించి, గాలి తగ్గించి నెమ్మదిగా ముందు మూలలు నింపి, తర్వాత బయట వేయాలి. రెండోసారి వేలాడదీసేటప్పుడు కొక్కేనికి పాత పూత ఉంటే ఎర్తు తగలదు, పొడి నేల పాలు. కొక్కేలు ప్రతిసారీ గీకి పెట్టుకోవాలి.

రంగులు కలపడం కూడా కుదరదు. ఎరుపు పొడిలో తెలుపు పొడి కలిపితే గులాబీ రాదు, ఎర్రటి దానిపై తెల్లటి చుక్కలు వస్తాయి. ఒక కుర్రవాడు తన బుల్లెట్టు సైడు పెట్టెకు అలా కలిపి వేసి, ‘ఇదే ఫ్యాషను’ అని తిరుగుతున్నాడు. చూడడానికి పిచ్చుక గుడ్డులా ఉంది. నిజం చెప్పాలంటే బాగానే ఉంది.

ఖర్చు విషయానికి వస్తే, 70 మైక్రాన్ల మందాన వేస్తే కిలో పొడి లెక్క ప్రకారం సుమారు 9 చదరపు మీటర్లకు, అంటే ఇంచుమించు వంద చదరపు అడుగులకు రావాలి. చల్లడంలో కింద పడేది పోగా కొత్త చేతికి అందులో సగం వస్తే గొప్ప. శుభ్రమైన పాలిథిన్ పరిచి, కింద పడ్డది జల్లించి మళ్ళీ వాడుకోవచ్చు కానీ అదే రంగు అయి ఉండాలి, దుమ్ము కలవకూడదు. పనికిరాని పొడిని కాలువలో, చెరువులో పారబోయడం తప్పు. వీళ్ళు దాన్ని అట్టపెట్టెలో పోసి బీరువాలో పెట్టి గడ్డ కట్టించి పారేస్తున్నారు. పొడి చల్లేటప్పుడు ముక్కుకు మంచి మాస్కు, కళ్ళకు అద్దాలు ఉండాలి. ఈ పొడి తాలూకు దుమ్ము పీల్చదగింది కాదు. పిల్లలను షెడ్డు గుమ్మం దాటి రానివ్వడం లేదు.

వేసవిలో పొడి నిల్వ పెద్ద తలనొప్పి. 30 డిగ్రీలు దాటితే మెల్లగా గడ్డలు కడుతుంది, మన రేకుల షెడ్లలో మే నెలలో ఎంత వేడి ఉంటుందో తెలిసిందే. గాలి చొరని డబ్బాల్లో పోసి, డబ్బాలను నీళ్ళ కుండల గదిలో ఉంచుతున్నారు. వానాకాలం గాలి తేమకు గన్నులోనే ముద్ద కడుతుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో పని ఆపేసి విప్పడం, తుప్పు తీయడం, పగుళ్ళు చూడడం మాత్రం చేస్తున్నారు.

డబ్బులు ఇస్తాం, మా బండికి కూడా వేయమని అడిగేవాళ్ళు పెరిగారు. ఇంటి మీటరు మీద వ్యాపారం చేస్తే విద్యుత్ శాఖతో పేచీ వస్తుందని, పైగా తన చేతుల మీద వేసిన చక్రం ఊడితే జవాబు ఎవరు చెబుతారని మెకానిక్కు ఒప్పుకోవడం లేదు. నేర్చుకుంటాననే వారికి మాత్రం ఆదివారం తలుపు తెరిచే ఉంటుంది. మొదటి రోజు గన్ను ఇవ్వరు. తుప్పు పట్టిన ఒక స్టాండు, ఒక బ్రష్షు, సబ్బు నీళ్ళ డ్రమ్ము చూపిస్తారు. ఇప్పటికి పదిహేను మంది దాకా వచ్చారు. రెండో ఆదివారం కూడా వచ్చినవాళ్ళు నలుగురు.

ప్రస్తుతం బీరువాలో జీపు నాలుగో చక్రం ఉంది. స్టెపినీ మిగిలింది. అది కూడా అయ్యాక మాస్టారి యెజ్డీ వెనక క్యారియరు, ఆ తర్వాత ఏరేటరు చట్రం ఒకటి పూత వేసి, ఉప్పునీటి చెరువులో ఆరు నెలలు ఉంచి చూడాలని అనుకుంటున్నారు. చెరువు యజమాని ఒప్పుకున్నారు. పక్కనే పూత లేని చట్రం కూడా దింపమని షరతు పెట్టారు.